ఆగస్టు 26: ఆ తారీఖులో మన పేరేదీ?

రోజూ పేపర్లో ఓ మూల 'చరిత్రలో ఈ రోజు' అని చిన్న పెట్టె ఒకటి వస్తుంది. ఫలానా రాజు పట్టాభిషేకం, ఫలానా యుద్ధం ముగింపు, ఫలానా శాస్త్రజ్ఞుడి జననం. కాఫీ తాగుతూ ఓ చూపు చూసి పేజీ తిప్పేస్తాం. పిల్లలు క్విజ్ పోటీకి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ పెట్టెకి గిరాకీ వస్తుంది. వాళ్ళచేత బట్టీ పట్టిస్తాం. ఆ నాలుగు లైన్లలో ఆడవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయని మాత్రం ఎప్పుడూ లెక్కపెట్టుకోం.

ఇవాళ ఒక్క తారీఖుని పట్టుకుని ఆ లెక్క చూద్దాం. ఆగస్టు 26. ఏడు వందల ఏళ్ళలో ఆ తేదీన జరిగిన కొన్ని సంగతులు పక్కపక్కన పెడితే ఒక విషయం తేటగా కనిపిస్తుంది. అన్ని చోట్లా ఆడవాళ్ళున్నారు, కాగితం మీదే లేరు. ఎక్కినచోట కూడా ఏళ్ళ తరబడి పోరాడాకే ఎక్కారు. ఈ కాగితం గొడవ పాతకాలంతో పోయిందనుకుంటే పొరపాటు. ఓటర్ల జాబితా రూపంలో అది మన గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

కోటలో ఉన్నవాళ్ళు

1303 ఆగస్టు 26. సుమారు ఏడు నెలల ముట్టడి తర్వాత రాజస్థాన్‌లోని చిత్తోడ్ కోట అల్లావుద్దీన్ ఖిల్జీ వశమైంది. సైన్యం వెంట కవి అమీర్ ఖుస్రో ఉన్నాడు. కోట పడ్డాక ముప్ఫై వేలమందిని చంపించారని ఆయనే రాశాడు. ఆయన రాసినదాంట్లో రాణి పద్మిని పేరు లేదు. ఆ కథ మనకి 1540లో మాలిక్ మహమ్మద్ జాయసీ రాసిన 'పద్మావత్' కావ్యంలో కనిపిస్తుంది. అంటే 237 ఏళ్ళ తర్వాతన్నమాట.

2018లో ఆ కథతో సినిమా వచ్చినప్పుడు ఎంత గొడవ జరిగిందో మనందరికీ తెలుసు. రాణి పరువు కోసం జనం రోడ్లమీదికొచ్చారు, థియేటర్ల దగ్గర పోలీసులు కాపలా కాశారు. మరి నిజంగా ఆ ఏడు నెలలూ కోటలో ఉన్న ఆడవాళ్ళ మాటేమిటి? గింజలు నిండుకుంటుంటే పొయ్యి వెలిగించినవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, బిడ్డల్ని కన్నవాళ్ళు? వాళ్ళ ఊసు గెలిచినవాడి కవీ ఎత్తలేదు, తర్వాత కావ్యం రాసినవాళ్ళూ ఎత్తలేదు.

రొట్టెల కోసం నడిచి

1789 ఆగస్టు 26. పారిస్ దగ్గర వెర్సాయ్‌లో ఫ్రెంచి జాతీయ సభ 17 అంశాల ప్రకటన ఒకటి ఆమోదించింది. మనుషులంతా స్వేచ్ఛతో, సమాన హక్కులతో పుడతారన్నది దాని సారం. ప్రపంచంలో చాలా రాజ్యాంగాలకి అది ఒరవడి దిద్దింది. మన పిల్లల సాంఘికశాస్త్రం పుస్తకాల్లో కూడా ఆ పాఠం ఉంటుంది.

పాఠంలో ఆట్టే చెప్పని సంగతి ఒకటుంది. సభ ఆమోదించినా రాజు పదహారో లూయీ ఆ ప్రకటనకి వెంటనే ఒప్పుకోలేదు. నాన్చుతూ వచ్చాడు. ఈలోగా పారిస్‌లో రొట్టె దొరకడమే గగనమైంది. అక్టోబరు 5న బజార్లో ఉన్న ఆడవాళ్ళు వేలమంది పోగై, వానలో తడుస్తూ ఇరవై కిలోమీటర్ల దూరం నడిచి వెర్సాయ్ చేరుకున్నారు. పిండి కావాలి, రొట్టె కావాలి అన్నారు. ఆ సాయంత్రమే రాజు ప్రకటనకి సరేనన్నాడు. మర్నాడు కుటుంబంతో సహా వాళ్ళ వెంట పారిస్‌కి కదిలాడు.

పొయ్యి మీదికి ఏమీ లేక బయల్దేరిన ఆడవాళ్ళు హక్కుల ప్రకటనకి రాజముద్ర తెచ్చిపెట్టారన్నమాట. దానికి వాళ్ళకి దక్కిందేమిటి? ఆ డిసెంబరులోనే ఓటు ఎవరికని నిబంధన రాశారు. పన్ను కట్టగలిగిన, పాతికేళ్ళు దాటిన మగవాళ్ళకి మాత్రమేనట. ఆడవాళ్ళూ, నౌకర్లూ, పేదవాళ్ళూ బయటే నిలబడ్డారు.

ఒలాంప్ ద గూజ్ అనే రచయిత్రికి ఇది మింగుడుపడలేదు. 1791లో ఆవిడ సరిగ్గా అదే వరసలో 17 అంశాలతో స్త్రీల హక్కుల ప్రకటన రాసింది. ఆడదానికి ఉరికంబం ఎక్కే హక్కు ఇచ్చినప్పుడు ఉపన్యాస వేదిక ఎక్కే హక్కు కూడా ఉండాలి కదా అని నిలదీసింది. 1793 నవంబరు 3న ఆవిడని గిలటిన్ ఎక్కించారు. మొదటి హక్కుకి మాత్రం ఏ ఆటంకమూ రాలేదు! ఫ్రాన్స్‌లో ఆడవాళ్ళు మొదటిసారి ఓటు వేసింది 1945 ఏప్రిల్ 29న. ప్రకటనకీ ఓటుకీ మధ్య 156 ఏళ్ళు గడిచాయి.

అమ్మ రాసిన ఉత్తరం

1920 ఆగస్టు 26. అమెరికాలో ఆడవాళ్ళకి ఓటుహక్కునిచ్చే పంతొమ్మిదో రాజ్యాంగ సవరణ ఆ రోజు అధికారికమైంది. మొత్తం 48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకోవాలి. ముప్ఫై అయిదు ఒప్పుకున్నాయి. ముప్ఫై ఆరోది టెన్నెసీ. అక్కడి సభలో విషయం వాయిదా వేద్దామా అంటే 48 మంది అవునన్నారు, 48 మంది కాదన్నారు. త్రాసు నిలిచిపోయింది.

ఆ సభలో అందరికంటే చిన్నవాడు హ్యారీ బర్న్, వయసు 24. కోటుకి ఎర్ర గులాబీ పెట్టుకున్నాడు. ఎర్ర గులాబీ అంటే ఓటు వద్దనేవాళ్ళ గుర్తు. కానీ అతని జేబులో వాళ్ళమ్మ ఫెబ్ బర్న్ రాసిన ఏడు పేజీల ఉత్తరం ఉంది. భర్త పోయిన ఆవిడ పల్లెటూళ్ళో సేద్యం చూసుకుంటూ, పేపర్లు చదువుతూ, సభలో ఏం జరుగుతోందో కనిపెడుతూనే ఉంది. ఇంటి కబుర్ల మధ్య, ఓటుకి ఒప్పుకోమని కొడుక్కి గట్టిగా చెప్పింది. ఆగస్టు 18న అసలు తీర్మానం ఓటుకి వచ్చినప్పుడు అతను అవునన్నాడు. కథ మారిపోయింది. మర్నాడు సభలోనే, తల్లి మాట వినడం ఏ కొడుక్కైనా క్షేమమని సంజాయిషీ చెప్పుకున్నాడు.

ఈ కథ చెప్పుకుని మురిసిపోయి ఊరుకుంటే సరిపోదు. ఆ ఉత్తరం వెనక 72 ఏళ్ళ పోరాటం ఉంది. 1848లో సెనెకా ఫాల్స్ అనే ఊళ్ళో సభ పెట్టి ఓటు కావాలని అడిగినవాళ్ళలో చాలామంది 1920 నాటికి బతికి లేరు. జైలుకెళ్ళినవాళ్ళున్నారు, నిరాహారదీక్షలు చేసినవాళ్ళున్నారు. తీరా ఆగస్టు 26 పొద్దున్నే విదేశాంగమంత్రి బెయిన్‌బ్రిడ్జ్ కోల్బీ తన ఇంట్లో కూర్చుని సంతకం పెట్టేశాడు. ఉద్యమ నాయకురాళ్ళు ఒక్కరైనా పక్కన లేరు. ఫోటో కూడా తీయలేదు. ఈనాడు మనం వెతికి చూద్దామన్నా ఆ క్షణం బొమ్మ దొరకదు.

అంతటితో అందరికీ ఓటు వచ్చిందా అంటే అదీ లేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఆడవాళ్ళు వెళ్తే చదువు పరీక్ష అన్నారు, పన్ను అన్నారు, బెదిరించారు. వాళ్ళకి 1965లో వచ్చిన ఓటుహక్కుల చట్టం దాకా మోక్షం కలగలేదు.

సరిగ్గా 50 ఏళ్ళు నిండిన 1970 ఆగస్టు 26న బెట్టీ ఫ్రీడన్ పిలుపు మీద వేలమంది ఆడవాళ్ళు న్యూయార్క్ వీధుల్లో నడిచారు. ఆ రోజు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేయండి, ఇంటిపని ఆపేయండి అన్నది పిలుపు. చదువులో, ఉద్యోగాల్లో సమానావకాశాలు, పిల్లల్ని చూసుకునే కేంద్రాలు, గర్భస్రావం హక్కు అడిగారు. ఓటు వచ్చి యాభై ఏళ్ళైనా, పసిబిడ్డని ఎవరి దగ్గర వదిలి పనికెళ్ళాలన్న ప్రశ్న అలాగే ఉందన్నమాట.

మన దగ్గర ఏం జరిగింది?

ఓటు విషయంలో మనం వాళ్ళకంటే నయమే. మద్రాసు రాష్ట్రంలో 1921లోనే, మగవాళ్ళతో సమానమైన ఆస్తి నిబంధనతో ఆడవాళ్ళకి ఓటు వచ్చింది. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోవే. కాకపోతే ఆస్తి ఎంతమంది ఆడవాళ్ళ పేరు మీద ఉంది? అందుకే ఆ ఓటు కొద్దిమంది దగ్గరే ఆగింది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగ సభలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి, కేరళ నుంచి వచ్చిన దళిత మహిళ దాక్షాయణీ వేలాయుధన్ లాంటివాళ్ళు కూర్చున్నారు. 1950 జనవరి 26న చదువుతో, ఆస్తితో, ఆడామగా తేడాతో నిమిత్తం లేకుండా వయసొచ్చిన ప్రతివాళ్ళకీ ఓటు వచ్చింది.

హక్కు వచ్చింది సరే, జాబితాలోకి పేరు రావాలి కదా! మొదటి సార్వత్రిక ఎన్నికలకి ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటుంటే ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో వింత చిక్కొకటి వచ్చిపడింది. ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యని, ఫలానావారి కూతుర్ని అని రాయించుకున్నారు. పరాయి మగవాడికి పేరు చెప్పడం మర్యాద కాదన్న పద్ధతి. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ అలాంటి నమోదులు చెల్లవన్నారు. దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళు జాబితాలో లేకుండా పోయారు.

కథలు రాసేవాళ్ళకి పాత్రకి పేరు పెట్టడమే మొదటి పని. పేరు లేని మనిషి కథలోకే రాలేదు, పోలింగ్ బూతులోకేం వస్తుంది? ఆయన చేసింది కఠినంగా కనిపించినా, ఆడవాళ్ళకి సొంత పేరుండాలని ప్రభుత్వ కాగితం పట్టుబట్టడం ఒక రకంగా మంచే చేసింది. తర్వాతి ఎన్నికల నాటికి చాలా పేర్లు ఎక్కాయి.

పుట్టింటి కాగితం, అత్తింటి ఓటు

ఇప్పటి సంగతికి వద్దాం. 2025 జూన్‌లో ఎన్నికల సంఘం బీహార్‌లో ఓటర్ల జాబితాని మొదటినుంచీ సరిచూడడం మొదలుపెట్టింది. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో, అంతకుముందున్న పేర్లలో సుమారు 65 లక్షలు లేవు. చనిపోయినవాళ్ళు, రెండుచోట్ల ఉన్నవాళ్ళు, ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు లేదా దొరకనివాళ్ళు అని లెక్క చెప్పారు. ఆ నవంబరులో తమిళనాడు, కేరళ, ఉత్తరప్రదేశ్‌లతో సహా 12 రాష్ట్రాలూ కేంద్రపాలిత ప్రాంతాలకీ ఈ పని విస్తరించింది. పుదుచ్చేరితో పాటు మన యానాం కూడా అందులోకి వచ్చింది.

చచ్చిపోయినవాళ్ళ పేర్లు తీసెయ్యాలి, దొంగ ఓట్లు పోవాలి. దాన్ని ఎవరూ కాదనరు. తిరకాసు ఎక్కడుందంటే, బీహార్‌లో 2003 నాటి జాబితాని ఆధారం చేసుకున్నారు. అందులో పేరుంటే సరే. లేకపోతే పుట్టిన వివరాల కాగితం చూపించాలి. 1987 జూలై తర్వాత పుట్టినవాళ్ళైతే తల్లిదండ్రుల ఆధారం కూడా కావాలి.

2025లో ముప్ఫై ఏళ్ళున్న మగవాణ్ణి తీసుకోండి. చాలామట్టుకు అతను పుట్టిన ఊళ్ళోనే, తండ్రి పేరున్న జాబితా ఉన్నచోటే ఉంటాడు. అదే వయసు ఆడపిల్ల? పెళ్ళై మరో ఊరికో, మరో జిల్లాకో వెళ్ళి ఉంటుంది. మనదేశంలో ఆడవాళ్ళు ఊరు మారడానికి అన్నిటికంటే పెద్ద కారణం పెళ్ళేనని జనాభా లెక్కలే చెబుతాయి. భర్త కాగితాలు ఆమెకి పనికిరావు. పుట్టింటికి వెళ్ళి తండ్రిదో తల్లిదో పేరు వెతికి తెచ్చుకోవాలి. అమ్మానాన్నా పోయి, అన్నదమ్ములతో మాటల్లేని ఆడకూతురి పరిస్థితేమిటి? నిబంధన రాసినవాళ్ళు ఆడవాళ్ళని తీసెయ్యాలని రాయలేదు. ఊరు మారడం మామూలు విషయమైన మనిషిని దృష్టిలో పెట్టుకోలేదు, అంతే. 1789లో కూడా కొంత ఇలాగే జరిగింది. 'మనిషి' అని రాసేటప్పుడు వాళ్ళ కళ్ళముందున్నది మగవాడు.

మన తెలుగిళ్ళల్లో ఈ చిక్కు ఇంకో ముడి వేసుకుంటుంది. టెన్త్ సర్టిఫికెట్టులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఒకచోట 'లక్ష్మి', ఇంకోచోట 'వరలక్ష్మి'. పెళ్ళిలో పేరే మార్చేసినవాళ్ళూ ఉన్నారు. పెద్దవాళ్ళని పుట్టినరోజు అడిగితే దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది అంటారు. మదర్ థెరెసా కూడా పుట్టింది 1910 ఆగస్టు 26నే. ఆవిడ మాత్రం జ్ఞానస్నానం జరిగిన 27నే తన అసలు పుట్టినరోజు అనుకునేది. మహానుభావురాలికి ఏ తారీఖైనా చెల్లుతుంది, మనకి చెల్లదు.

అందుకని ఎన్నికలొచ్చేదాకా ఆగకుండా ఒక పూట ఈ పని చూసుకోండి. జాబితాలో మీ పేరూ, మీ అమ్మగారి పేరూ, కోడలి పేరూ, పనిచేసే అమ్మాయి పేరూ ఉన్నాయో లేదో చూడండి. 1950 నంబరుకి ఫోన్ చేసినా చెబుతారు, మీ బూత్ లెవల్ ఆఫీసరుని అడిగినా చెబుతారు. కొత్తగా చేర్చుకోవడానికి ఫారం 6. పేరులో తప్పు దిద్దడానికీ, ఇల్లు మారితే చిరునామా మార్చడానికీ ఫారం 8. కూతురికి పెళ్ళి చేసి పంపేటప్పుడు సారెతో పాటు ఆమె పుట్టిన సర్టిఫికెట్టు, టెన్త్ సర్టిఫికెట్టు, మీ ఓటరు వివరాల నకలు ఒక కవర్లో పెట్టి ఇవ్వండి. ఆ కవరుతో ఏనాటికైనా అవసరం పడుతుంది.

ఇది మనం చేసుకోవలసిన పని. ప్రభుత్వం చెయ్యాల్సింది వేరే ఉంది. పెళ్ళై వచ్చిన ఆడవాళ్ళ పాత వివరాలు పుట్టింటి ఊరినుంచి తెప్పించే బాధ్యత అధికారులే తీసుకోవాలి. పేరు తీసేసేముందు ఆ ఇంటి మగవాళ్ళని కాక, ఆ మనిషినే అడగాలి. ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు. ఒక సంతకం కోసం 72 ఏళ్ళు ఆగినవాళ్ళని చూశాం. వచ్చిన హక్కు కాగితాల మధ్య జారిపోతే, మళ్ళీ అడగడం ఎక్కణ్ణుంచి మొదలుపెడతాం చెప్పండి?