ఆరు లేకపోతే ఆగిపోవాలి

ఎడారిలో ఇంధనం నింపుకొని మళ్లీ గాల్లోకి లేచే సమయానికి కనీసం ఆరు హెలికాప్టర్లు బాగా పనిచేస్తూ ఉండాలి. ఒక్కటి తగ్గినా పని అక్కడితో ఆపి వెనక్కి వచ్చేయాలి. 1980 ఏప్రిల్‌లో టెహ్రాన్‌లో బందీలుగా ఉన్న తమవాళ్లను విడిపించడానికి అమెరికా సైన్యం సిద్ధం చేసుకున్న ‘ఈగిల్ క్లా’ పథకంలో ఈ షరతు ముందే ఉంది. ఆ పథకం విఫలమైంది. ఎనిమిది మంది చనిపోయారు. అయినా నాయకత్వం గురించి సైన్యాల నుంచి నేర్చుకోవాల్సింది ఉంటే, గెలిచిన దాడుల కంటే ముందు ఆ రాత్రి గురించే చదవాలని నా అభిప్రాయం.

1979 నవంబరు 4న ఇరాన్ విద్యార్థులు టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలోకి చొరబడి సిబ్బందిని నిర్బంధించారు. ఏప్రిల్ నాటికి ఇంకా 53 మంది వాళ్ల చేతుల్లోనే ఉన్నారు. రాయబారాలు ఫలించలేదు. విడిపించే బాధ్యత కల్నల్ చార్లెస్ బెక్‌విత్ నడిపే డెల్టా ఫోర్స్ మీద పడింది. బెక్‌విత్ 1960ల మొదట్లో బ్రిటిష్ ప్రత్యేక దళం ఎస్ఏఎస్‌తో కలిసి పనిచేసి వచ్చినవారు. అలాంటి దళం మనకూ కావాలని ఏళ్ల తరబడి పైవాళ్ల వెంటపడి, చివరికి 1977లో సాధించారు. డెల్టాకు ఇదే మొదటి పెద్ద పరీక్ష.

పథకం రెండు రాత్రుల పని. మొదటి రాత్రి నిమిట్జ్ విమానవాహక నౌక మీది నుంచి ఎనిమిది హెలికాప్టర్లు బయలుదేరి, సుమారు వెయ్యి కిలోమీటర్లు ఎగిరి, తబస్ పట్టణానికి దూరంగా ఉన్న ఎడారిలో దిగాలి. ఆ చోటుకు ‘డెజర్ట్ వన్’ అని పేరు పెట్టుకున్నారు. ఒమన్ తీరంలోని మసీరా దీవి నుంచి ఆరు సీ-130 విమానాలు కమాండోలను, ఇంధనాన్ని అక్కడికే తెస్తాయి. ఇంధనం నింపుకొన్న హెలికాప్టర్లు కమాండోలను ఎక్కించుకొని టెహ్రాన్ దగ్గరి కొండల్లో దాక్కోవాలి. రెండో రాత్రి లారీల్లో నగరంలోకి వెళ్లి, బందీలను విడిపించి, కార్యాలయానికి ఎదురుగా ఉన్న ఫుట్‌బాల్ స్టేడియంలోకి తెచ్చి, హెలికాప్టర్లలో ఎక్కించాలి. వింటుంటేనే ఊపిరి బిగపట్టాల్సిన పథకం. ఒక అంచె తప్పితే తర్వాతి అంచె ఉండదు. అందుకే ఆరు అన్న లెక్క. అంతమంది మనుషుల బరువు మోయడానికి, ముందు ముందు ఒకటో రెండో చెడిపోయినా అందరినీ వెనక్కి తేవడానికి ఆరు కావాలి.

ఏప్రిల్ 24 రాత్రి అన్నీ ఎదురుతిరిగాయి. రెక్కలో పగులు ఉండవచ్చన్న హెచ్చరిక వెలగడంతో ఒక హెలికాప్టర్‌ను దారిలోనే వదిలేశారు. గాల్లో తేలే సన్నని దుమ్ము తెర అడ్డుపడింది. అందులో దిక్కు తెలియక, పరికరాలు పనిచేయక ఇంకొకటి నౌకకు తిరిగి వెళ్లిపోయింది. మిగిలిన ఆరూ ఆలస్యంగా డెజర్ట్ వన్ చేరాయి. ఆ ఆరింట్లో ఒకదానికి హైడ్రాలిక్ వ్యవస్థ పాడైంది. బాగున్నవి ఐదే మిగిలాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. హెలికాప్టర్లు రాకముందే, నిర్మానుష్యం అనుకున్న ఆ చోటికి నలభై మందికి పైగా ప్రయాణికులతో ఒక బస్సు వచ్చింది. వాళ్లందరినీ ఆపి కూర్చోబెట్టారు. వెనకే ఒక ఇంధన ట్యాంకర్ వస్తే దాని మీద రాకెట్ పేల్చారు. అది భగ్గున మండి ఎడారంతా వెలుగు నింపింది. గుట్టు రట్టయ్యే ప్రమాదం కళ్లముందే ఉన్నా అప్పుడు ఎవరూ వెనకాడలేదు. అందుకని, ఐదు హెలికాప్టర్లను చూసి బెక్‌విత్ ఆగిపోవడానికి కారణం భయం అనే మాట నిలవదు. ఈజిప్టులో ఉన్న జనరల్ జేమ్స్ వాట్ రేడియోలో, ఐదింటితో వెళ్లే వీలుందేమో ఆలోచించమన్నారు. వెళ్లాలంటే కొందరు కమాండోలను ఎడారిలోనే వదిలేయాలి. ఎవరిని వదలాలి? ఈ దళంలో ప్రతి మనిషికీ ఒక తలుపు, ఒక గోడ, ఒక గది ముందే కేటాయించి ఉన్నాయి. బెక్‌విత్ వీల్లేదన్నారు. ఆ మాట వాషింగ్టన్ చేరింది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దానికే ఒప్పుకున్నారు.

ఆ తర్వాత తిరుగు ప్రయాణానికి సర్దుకుంటుండగా, దుమ్ములో పక్కకు జరుగుతున్న ఒక హెలికాప్టర్ ఇంధన విమానాన్ని ఢీకొట్టింది. ఇద్దరు ముగ్గురు ఆదేశాలిచ్చే అధికారులున్న ఆ చీకట్లో, రోటర్ల హోరులో, ఎవరి మాట వినాలో చాలామందికి తెలియని స్థితి. మంటల్లో ఎనిమిది మంది పోయారు. ప్రపంచానికి గుర్తుండిపోయింది ఆ మంటలే. వెనక్కి తిరగాలన్న నిర్ణయాన్ని, ఆ ప్రమాదాన్ని ఒకే గాటన కట్టి చాలామంది చూశారు. ఆగిపోవడం వల్లే ఓడిపోయామన్నవాళ్లూ ఉన్నారు. సాహసిస్తే గెలిచేవాళ్లమేమో అన్నవాళ్లూ ఉన్నారు. నేను ఆ వాదన ఒప్పుకోను. ఐదింటితో వెళ్లి టెహ్రాన్ నడిబొడ్డున మరొకటి చెడిపోయి ఉంటే, 53 మంది బందీలతో పాటు ఇంకో వందమంది కమాండోలు ఆ నగరంలో చిక్కుకునేవారు. ఫలితం చెడ్డదైనంత మాత్రాన నిర్ణయం చెడ్డదైపోదు. బందీలు 1981 జనవరి 20న, 444 రోజుల తర్వాత, ప్రాణాలతో విడుదలయ్యారు.

మన సినిమాల్లో కమాండో అంటే పైవాళ్ల ఆదేశం ధిక్కరించి ఒంటరిగా దూసుకుపోయేవాడు. నాయకత్వ శిక్షణ తరగతుల్లోనూ ఆ ధోరణే కనిపిస్తోంది. తెగువను పాఠంగా చెబుతారు. తెగువకు ముందు కూర్చుని రాసుకున్న లెక్కల గురించి చెప్పేవాళ్లు తక్కువ. మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడు ‘ఈ పరిస్థితి వస్తే ఆగుతాం’ అని రాసుకోవడం, ఆ పరిస్థితి వచ్చాక అందరి కళ్లూ మన మీదున్నా ఆ మాట మీద నిలబడటం చాలా కష్టమైన పని. ఆరు నెలలు సిద్ధమై, అధ్యక్షుడు ఎదురుచూస్తుండగా, దేశం పరువు పణంగా ఉండగా ‘వద్దు’ అనగలగడం అంతకంటే కష్టం.

ఇక ఆ రాత్రిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే మనిషి బెక్‌విత్ కూడా కాదు. దుమ్ములోంచి నౌకకు తిరిగి వెళ్లిపోయిన హెలికాప్టర్ పైలట్. ఎందుకంటే ఆరు కావాల్సిన చోట ఐదే మిగిలాయి. ఆ ఒక్కటీ వచ్చి ఉంటే ఆరు ఉండేవి. దుమ్ము తెర దాటితే డెజర్ట్ వన్ దగ్గర ఆకాశం తేటగా ఉందన్న సంగతి ఆ పైలట్‌కు తెలియదు. రహస్యం బయటపడకుండా రేడియోలు మౌనంగా ఉంచమన్నారు. తెలిసి ఉంటే ముందుకే వెళ్లేవాడినని ఆయన తర్వాత విచారణలో చెప్పారు. ఆ ప్రాంతంలో అలాంటి దుమ్ము లేచే వీలుందని వాతావరణ నిపుణుల దగ్గర సమాచారం ఉంది. అది పైలట్ల దాకా రాలేదు. నిపుణులు, పైలట్లు నేరుగా కూర్చుని మాట్లాడుకునే అవకాశమే ఇవ్వలేదు. ఎవరికి ఎంత అవసరమో అంతే చెప్పాలన్న నియమం అతిగా పాటించారు.

కాబట్టి ఆ రాత్రి ఇద్దరు వెనక్కి తిరిగారు. బెక్‌విత్‌కు తెలియాల్సిందంతా తెలుసు. పైలట్‌కు తెలియదు. ఇద్దరికీ ఆగే అధికారం ఉంది. సమాచారం మాత్రం ఒకరికే ఉంది. కింది మనిషికి నిర్ణయాధికారం ఇచ్చామని గొప్పగా చెప్పుకునే ఆఫీసులు ఈ తేడా చూడాలి. నిర్ణయించాల్సిన సమాచారం అతని బల్ల మీదికి రాకుండా అధికారం మాత్రమే ఇస్తే, తప్పు జరిగిన రోజున దోషిని ముందే ఎంపిక చేసి పెట్టినట్లే.

లోపాలు అక్కడితో అయిపోలేదు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, మెరైన్లు కలిసి చేసిన ఈ పనికి అందరూ కలిసి మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా పూర్తి రిహార్సల్ చేయలేదు. మాజీ నౌకాదళాధిపతి జేమ్స్ హాలోవే నేతృత్వంలోని కమిటీ అదే ఏడాది ఆగస్టుకల్లా దర్యాప్తు చేసి, బయటపెట్టదగిన భాగాన్ని నివేదికగా ఇచ్చింది. ఎనిమిది హెలికాప్టర్లు సరిపోవని, పరిమితులేమీ లేకపోతే పది నుంచి పన్నెండు దాకా పెట్టుకునేవారని తేల్చింది. ఆగే గీత గీసుకుంటే చాలదు. ఆ గీత దాకా జారిపోకుండా ఉండేందుకు తగినంత వెసులుబాటూ పెట్టుకోవాలి. ఎనిమిదిలో రెండు పోతే ఫరవాలేదు, మూడు పోతే అంతా పోతుంది అన్న పథకం అదృష్టాన్ని నమ్ముకున్న పథకం.

మరో మనిషిని మరచిపోకూడదు. విదేశాంగ మంత్రి సైరస్ వాన్స్ ఈ దాడిని మొదటి నుంచీ వద్దన్నారు. దాడి చేయాలని శ్వేతసౌధం నిర్ణయించిన ఏప్రిల్ 11 సమావేశంలో ఆయన లేరు, సెలవులో ఉన్నారు. తిరిగి వచ్చి అభ్యంతరాలన్నీ చెప్పారు. నిర్ణయం మారలేదు. దాడికి ముందే రాజీనామా ఇచ్చేశారు. గెలిచినా ఓడినా వెళ్లిపోతానన్నారు, వెళ్లిపోయారు. వద్దనే గొంతు గదిలో లేని రోజు చూసి పెద్ద నిర్ణయం తీసుకోవడం మంచి పద్ధతి కాదు. బెక్‌విత్‌ది నిబ్బరమైతే, వాన్స్‌ది నిజాయతీ. రెండూ ఒకే కథలో ఉండటం అరుదు.

హాలోవే కమిటీ నివేదికను అల్మరాలో దాచలేదు. కలిసి పనిచేసే ప్రత్యేక దళాల కమాండ్ 1980 డిసెంబరులోనే ఏర్పడింది. రాత్రిపూట ఎగిరే హెలికాప్టర్ దళం 1981లో వచ్చింది. అన్ని ప్రత్యేక దళాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చే కమాండ్ 1987లో వచ్చింది. 2011 మే 2న అబ్బోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్ ఇంటి మీదికి వెళ్లింది ఆ దళాలే. అక్కడా ఒక హెలికాప్టర్ కూలింది. సాధన చేసిన నమూనాలో ఇనుప కంచె ఉంది, అసలు ఇంటికి ఎత్తైన గోడ ఉంది. గాలి గోడకు తగిలి తిరగబడి హెలికాప్టర్ నేలకు దిగిపోయింది. అయినా పని ఆగలేదు. కూలితే ఏం చేయాలో ముందే నిర్ణయమైంది, సాయం వచ్చే హెలికాప్టర్లు దగ్గర్లోనే సిద్ధంగా ఉన్నాయి. 1980లో ఆగమన్న లెక్కే 2011లో సాగమంది. తేడా తెగువలో లేదు, సన్నద్ధతలో ఉంది. అప్పటి అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ 1980లో సీఐఏ అధిపతి సహాయకుడిగా శ్వేతసౌధంలో ఆ వైఫల్యం చూసినవారు. అందుకే 2011లో ఆయన ఈ దాడికి చివరి దాకా ఒప్పుకోలేదు. తన కింద పనిచేసే ఇద్దరు అధికారులు వచ్చి వాదించాక మనసు మార్చుకున్నారు. పై మనిషి కింది మనిషి మాట విని మారడానికి సిగ్గుపడకపోవడం, ఆ సంగతిని తన ఆత్మకథలో రాయడం నాకు ఎంతో నచ్చిన విషయాలు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1999 డిసెంబరు 24న కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీ వస్తున్న ఐసీ-814 విమానాన్ని హైజాక్ చేసినవాళ్లు దాన్ని అమృత్‌సర్‌లో దించారు. దాదాపు 45 నిమిషాలు అది మన నేల మీద నిలబడింది. దాన్ని కదలనీయకూడదని ఢిల్లీలో అనుకున్నారు. ఎలా, ఎవరు, ఎవరి ఆదేశంతో అన్నది తేలలేదు. ఎన్‌ఎస్‌జీ కమాండోలు సమయానికి చేరలేదు. విమానం లాహోర్‌కు, దుబాయ్‌కు, అక్కడి నుంచి కాందహార్‌కు వెళ్లిపోయింది. రూపిన్ కత్యాల్ అనే యువకుడిని చంపారు. డిసెంబరు 31న ముగ్గురు ఉగ్రవాదులను అప్పగించి మిగిలినవాళ్లను తెచ్చుకున్నాం. డెజర్ట్ వన్‌లో ఎప్పుడు ఆగాలో ముందే రాసి ఉంది. అమృత్‌సర్‌లో ముందుకు వెళ్లమని ఎవరు చెప్పాలో ఎవరికీ తెలియలేదు.

2008 నవంబరు 26 రాత్రి ముంబైలో కాల్పులు మొదలైతే, మానేసర్ నుంచి కదిలిన ఎన్‌ఎస్‌జీ కమాండోలు అక్కడికి చేరేసరికి తెల్లవారింది. ఆ దెబ్బ తర్వాతే 2009లో హైదరాబాద్, ముంబై, చెన్నై, కోల్‌కతాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు వచ్చాయి. దూరం తగ్గింది, మంచిదే. అయితే దూరం తగ్గినంత తేలికగా నిర్ణయించే పద్ధతి మారదు. దానికి పాత తప్పులు బాహాటంగా చదువుకోవాలి. కార్గిల్ సమీక్షా కమిటీ నివేదికలో కొన్ని భాగాలు తప్పించి మిగతాది బయటపెట్టారు, దాంతో రక్షణ వ్యవస్థలో సంస్కరణల మీద దేశమంతా చర్చించగలిగింది. 1962 చైనా యుద్ధంపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను మాత్రం ఏ ప్రభుత్వమూ అధికారికంగా విడుదల చేయలేదు. అరవై ఏళ్లు దాటినా అది రహస్యమేనట.

అమృత్‌సర్ ఘటనకు పాతికేళ్లు దాటాయి. ఆ 45 నిమిషాల్లో ఏ కబురు ఎవరికి ఎప్పుడు అందిందో, ఎవరు ఏ ఆదేశం ఇచ్చారో, ఏది కిందికి చేరలేదో నిమిషాలవారీగా రాసి కేంద్ర ప్రభుత్వం పార్లమెంటు ముందు పెట్టాలి. ఎవరినీ బోనులో నిలబెట్టడానికి ఇది అడగడం లేదు. ఆ గదుల్లో కూర్చున్నవారిలో కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు, వాళ్ల జ్ఞాపకం ఉండగానే ఆ పని జరగాలి.