రచయితయు, తన రచనయు

"కాకిపిల్ల కాకికి ముద్దు" అని లోకమున నొక సామెత కలదు. తాను వ్రాసినదానిని తానే చదువుకొని మురియు రచయితను చూచి జనులు ఈ సామెత చెప్పి నవ్వుదురు. ఆ నవ్వునకు వెఱచి, తమ రచనపై తమకేమియు మమకారము లేనట్లు నటించువారు పెక్కురు. కాని కాకికి తన పిల్ల ముద్దు కాకున్నచో ఆ పిల్ల బ్రతుకుటెట్లు?

రచయిత హృదయము కరగనిదే మంచి రచన పుట్టదు. బోయవాని బాణమునకు మగ క్రౌంచము నేలగూలగా, ఆడుపక్షి యాక్రందనము విని వాల్మీకి చలించెననియు, ఆ శోకమే శ్లోకమయ్యెననియు రామాయణము చెప్పుచున్నది. ఆ పలుకులు తన నోట వెలువడిన పిమ్మట మహర్షి వానినే తలపోయుచు ఆశ్చర్యపడెనట. తన కవితకు తానే తొలి శ్రోత యగుటకు ఆయన సిగ్గుపడలేదు.

ఆంగ్ల నవలాకారుడైన చార్లెస్ డికెన్సు 1850లో "డేవిడ్ కాపర్‌ఫీల్డు" నవలను ముగించినపుడు, అందలి పాత్రలను విడిచిపోవలసి వచ్చినందులకు బాధపడెను. తన గ్రంథములన్నిటిలోను అదియే తనకు ప్రియతమమని తరువాతి కాలమున దాచక చెప్పుకొనెను.

అయినను మమకారము వేఱు, అహంకారము వేఱు. తల్లి బిడ్డను ముద్దాడును. మొగమున మసి కనబడినచో కొంగుతో తుడుచును. అహంకారియో, ఆ మసిని చూపినవానిపై కోపించును.

గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి మెప్పు పొందెను, 1897లో అచ్చయ్యెను. మఱియొకరైనచో అంతటితో తృప్తిపడియుందురు. అప్పారావుగారు ఆ నాటకమునే మరల చేతబట్టి, పెంచి, మార్చి, మధురవాణి పాత్రకు క్రొత్త జీవము పోసి, 1909లో రెండవ కూర్పును వెలువరించిరి. నేడు తెలుగువారు విరివిగా చదివి యానందించునది ఆ కూర్పునే. తన కృతిపై ప్రేమ లేనివాడు, అచ్చయిన గ్రంథము కొఱకు మరల ఇంత శ్రమపడునా?

పాఠశాలలో ఒక బాలిక గేయమో కథయో వ్రాయును. అది తనకు నచ్చినందులకే సిగ్గుపడి, ఎవరికిని చూపక చించివేయును. కాగితముతోపాటు, దానిని బాగుచేయగల ప్రేమయు ఆమె చేజాఱిపోవును. ఆమె దానిని దాచుకొనవలెను. ఏకాంతమున బిగ్గఱగా చదువుకొనవలెను. కన్నులు చెమర్చినచో చెమర్చనీయవలెను. మఱునాడు నిదానముగా దోషములు దిద్దుకొని, ఇతరులకు చూపవలెను. వారు నవ్విన నవ్వవచ్చును. వ్రాసినవాని మనస్సునే కదిలింపని మాట చదువరి మనస్సును కదిలించుట మాత్రము మిక్కిలి అరుదు.