ముందు ఆ వెయ్యి బస్సులు వెనక్కి తెండి

సిటీ బస్సులో సీటు కోసం ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటే ఆ వీడియోను సాయంత్రానికల్లా రాష్ట్రమంతా చూస్తుంది. సీట్లో కూర్చుని ఒకావిడ వెల్లుల్లి ఒలుచుకుంటే అదీ వార్తే అవుతుంది. వెంటనే పాత చర్చ మళ్లీ మొదలవుతుంది. ఉచితం ఇచ్చి ఆడవాళ్లను పనీపాటా లేకుండా తిప్పుతున్నారని ఒక పక్షం, ఇదే మహిళా సాధికారత అని ఇంకో పక్షం. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైన నాటి నుంచి టీవీల్లో, సభల్లో నలుగుతున్నవి ఈ రెండు మాటలే. హైదరాబాద్‌లో బస్సు ప్రయాణం ఇంత నరకంగా ఎందుకు మారిందో ఈ రెండు పక్షాల్లో ఎవరూ చెప్పడం లేదు.

కారణం ఒక అంకెలో ఉంది. 2019 ఆర్టీసీ కార్మికుల సమ్మెకు ముందు హైదరాబాద్‌లో దాదాపు 3,800 ఆర్టీసీ సిటీ బస్సులు తిరిగేవి. సమ్మె ముగిశాక, నష్టాల పేరుతో వాటిలో దాదాపు వెయ్యి బస్సులను రోడ్డు మీద నుంచి తీసేశారు. మహాలక్ష్మి రావడానికి నాలుగేళ్ల ముందు జరిగిన పని ఇది. ఉచిత ప్రయాణం మీద ఇప్పటిదాకా వచ్చిన విమర్శల్లో ఈ వెయ్యి బస్సుల ఊసు పెద్దగా లేదు. ప్రభుత్వం చేసుకుంటున్న ప్రచారంలోనూ లేదు. పంక్తిలో విస్తళ్లు తీసేసినవాళ్లను వదిలేసి, భోజనానికి వచ్చినవాళ్లు ఎక్కువయ్యారని తిట్టడం ఎంత అన్యాయమో, బస్సులో రద్దీకి ఆడవాళ్లను తిట్టడం అంత అన్యాయం.

వెయ్యి బస్సులంటే ఏమిటో లెక్కేసి చూడాలి. ఒక్కో బస్సుకు 40 సీట్లే అనుకుందాం. అంటే ఒక్కసారిగా 40 వేల సీట్లు నగరంలో లేకుండా పోయాయి. నిలబడే చోటు, ఫుట్‌బోర్డు ఈ లెక్కలో లేవు. ఒక్కో బస్సు రోజుకు ఎన్ని ట్రిప్పులు తిరుగుతుందో అన్నిసార్లు ఆ 40 వేల సీట్లు పోయినట్టే. పొద్దున 8 గంటలకు సికింద్రాబాద్‌లో 10హెచ్ ఎక్కేవాళ్లు, సాయంత్రం కోఠిలో పటాన్‌చెరు వెళ్లే 218 కోసం ఎదురుచూసేవాళ్లు, ఉప్పల్ నుంచి మెహిదీపట్నం దాకా 300లో చుట్టుదారిన వెళ్లేవాళ్లు ఈ లెక్కను తమ ఒళ్లు నొప్పులతో చెబుతారు.

బస్సులో జరిగే గొడవలను దగ్గరగా చూస్తే అసలు మూలం అర్థమవుతుంది. బస్సు నిండిపోతే డ్రైవరు స్టాపులో ఆపకుండా యాభై గజాలు ముందుకు తీసుకెళ్తాడు. సంచులతో, పిల్లలతో ఆడవాళ్లు దాని వెనక పరుగెత్తుతారు. కండక్టర్ ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి "వెనక ఖాళీ బస్సొస్తుందమ్మా, దాంట్లో రండి" అంటుంది. వెనక బస్సు వచ్చేసరికి అరగంట అవుతుంది. అదీ నిండుగానే ఉంటుంది. ఎక్కినవాళ్లకు టికెట్లు కొట్టే పని ఇంకో పరీక్ష. డబ్బు తీసుకోకపోయినా ప్రతి మహిళకూ జీరో టికెట్ ఇవ్వాల్సిందే. ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించే సొమ్ము ఆ టికెట్ల లెక్క మీదే ఆధారపడి ఉంది. ఆ ఇరుకులో ఆధార్ కార్డు చూడాలి, మిషన్ నొక్కాలి, చిల్లర ఇవ్వాలి, తర్వాతి స్టేజీ వచ్చేలోపు అంతా ముగించాలి. టికెట్ లేకుండా ఎవరైనా చెకింగ్‌లో దొరికితే కండక్టర్ ఉద్యోగం మీదికి వస్తుంది. ఆమె గొంతు పెంచితే "ఫ్రీ అని చులకనా?" అని ప్రయాణికురాలు ఎదురు తిరుగుతుంది. తప్పు ఇద్దరిదీ కాదు. ఒక బస్సులో రెండు బస్సుల జనాన్ని కుక్కినవాళ్లది.

వెనక సగంలో నిలబడ్డ మగవాళ్ల కోపమూ నిజమైనదే. "డబ్బులిచ్చి మేం నిలబడాలా?" అన్న ప్రశ్న ఈ రోజు ప్రతి సిటీ బస్సులో వినిపిస్తోంది. ఆ కోపాన్ని పెంచిపోషించిందీ ప్రభుత్వమే. 2025 జూన్‌లో ఆర్డినరీ బస్‌పాస్‌ను 1,150 రూపాయల నుంచి 1,400కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్‌ను 1,300 నుంచి 1,600కు పెంచారు. నాలుగు నెలలు తిరగకుండానే, అక్టోబరు 6 నుంచి టికెట్ల మీద పడ్డారు. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీల దాకా 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. ఈ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు టికెట్ ఉచితం కాబట్టి ఆ పెంపు భారం దాదాపు మొత్తం మగ ప్రయాణికుల మీద పడింది. కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్, హోటల్లో వంటమనిషి, అడ్డా మీద నిలబడే మేస్త్రీ, ఇబ్రహీంపట్నం దారిలో కాలేజీకి వెళ్లే కుర్రాడు... కారు కొనలేక, రోజూ ఆటో ఎక్కలేక బస్సెక్కేవాళ్లు వీళ్లే. ఎక్కువ డబ్బు తీసుకుని, ఒంటికాలి మీద నిలబెట్టి, పక్కన కూర్చున్న ఆడమనిషిని చూపించినట్టయింది. పేదవాడికీ పేదరాలికీ మధ్య ఇలా తగాదా పెట్టడం ఏ సంక్షేమానికీ తగదు.

ఆ టికెట్ల పెంపునకు చెప్పిన కారణాన్ని జాగ్రత్తగా చదవాలి. నగరంలో డీజిల్ బస్సుల స్థానంలో దశలవారీగా 2,800 ఎలక్ట్రిక్ బస్సులు తెస్తారట. వాటికి కావలసిన కొత్త డిపోలకు, ఛార్జింగ్ స్టేషన్లకు 392 కోట్లు కావాలట. పొగ తగ్గడం మంచిదే, ఎలక్ట్రిక్ బస్సులు రావలసిందే. కానీ డీజిల్ బస్సులు 2,800 తీసి ఎలక్ట్రిక్ బస్సులు 2,800 పెడితే జనానికి అదనంగా దక్కేది ఎన్ని? ఒక్కటీ లేదు. రంగు మారుతుంది, చప్పుడు తగ్గుతుంది, రద్దీ మాత్రం అలాగే ఉంటుంది. 2019లో పోయిన వెయ్యి బస్సులు ఈ ప్రణాళికలో ఎక్కడా తిరిగి రావు. ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయని చప్పట్లు కొడుతున్నవాళ్లలో ఎవరూ ఈ చిన్న తీసివేత లెక్క వేయలేదు.

నగరానికి ఎన్ని బస్సులుండాలో కొలవడానికి కొలమానం లేకపోలేదు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఎప్పుడో సేవా ప్రమాణాలు ప్రకటించింది. లక్ష జనాభాకు 60 బస్సులుంటే మొదటి స్థాయి. 40 నుంచి 60 మధ్య ఉంటే రెండోది. 40 కంటే తగ్గితే మూడోది, 20 కంటే తగ్గితే అట్టడుగు. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ నగర సముదాయంలో 77 లక్షల మంది ఉన్నారు. ఆ పాత జనాభానే తీసుకున్నా, 3,800 బస్సులతో లక్షకు 49 వచ్చేవి. ఇప్పుడున్నవి ఉదారంగా 3,000 అనుకున్నా లక్షకు 39. వెయ్యి బస్సులు తీసేయడంతో నగరం రెండో స్థాయి నుంచి మూడో స్థాయికి జారింది. జనాభాను కోటి అనుకుంటే లెక్క 30కి పడిపోతుంది. ఔటర్ రింగు రోడ్డు దాకా ఉన్న 27 పురపాలికలను 2025 చివర్లో గ్రేటర్‌లో కలిపారు. నగరం పటం పెరిగింది, బస్సుల పట్టీ పెరగలేదు. బెంగళూరు నగర రవాణా సంస్థకు ఆరు వేలకు పైగా బస్సులున్నాయి. ఆ ఊళ్లోనూ మహిళలకు 2023 జూన్ నుంచి ప్రయాణం ఉచితమే. విశ్వనగరం పోటీలో బెంగళూరును దాటామని చెప్పుకునేవాళ్లు బస్సుల దగ్గరికి వచ్చేసరికి ఆ ఊరి పేరెత్తరు.

డబ్బు లేదనే జవాబును నమ్మలేం. మెట్రో మొదటి దశను నిర్మాణ సంస్థ నుంచి తీసుకోవడానికి 2025లో రాష్ట్ర ప్రభుత్వం సిద్ధపడింది. దాంతోపాటు దాదాపు 13,000 కోట్ల అప్పునూ నెత్తికెత్తుకోవడానికి ఒప్పుకుంది. మెట్రో నగరానికి అవసరం, ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. ఫ్లైఓవర్లకూ అండర్‌పాస్‌లకూ వేల కోట్లు మంజూరవుతున్నాయి. మెట్రో అప్పు ఖజానా మోస్తుంది. కార్లు వెళ్లే ఫ్లైఓవర్ ఖర్చూ ఖజానాదే. బస్సుకు కావలసిన 392 కోట్లకు మాత్రం రోజుకూలీ జేబులో చెయ్యి పెట్టాలా? రోడ్డును అందరికంటే తక్కువగా వాడుకుంటూ అందరికంటే ఎక్కువమందిని మోసే వాహనం బస్సు. దాని డిపోకు అయ్యే ఖర్చును దానిలో నిలబడి ప్రయాణించేవాడి దగ్గరే వసూలు చేయడం ఏ రవాణా విధానం?

ఉచితాన్ని పేద మహిళలకే పరిమితం చేయాలని వాదించేవాళ్లు ఉన్నారు. సంస్థ నష్టాల దృష్ట్యా ఆ వాదనలో కొంత తర్కం ఉంది. కానీ సిటీ ఆర్డినరీ బస్సులో పొద్దున 8 గంటలకు ఉన్నది ఎవరు? ఇళ్లలో పనిచేసే అమ్మలు, బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, ఆసుపత్రి ఆయాలు, నర్సులు, కూరగాయల మూటలతో అవ్వలు. స్తోమత ఉన్నవాళ్లు ఆ ఇరుకులోకి ఎప్పుడూ రాలేదు. బస్సులో వెల్లుల్లి ఒలుచుకుంటున్న మహిళను చూసి నవ్వినవాళ్లు ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది. పొద్దంతా బయట పనిచేసి, ఇంటికి వెళ్లగానే పొయ్యి వెలిగించాల్సిన మనిషి దారిలో దొరికిన గంటను వాడుకుంటోంది. ఆమె దగ్గర తీరిక లేదు, అందుకే ఒలుచుకుంటోంది. టికెట్ డబ్బు మిగలడం వల్లే దూరంలో ఉన్న మంచి జీతం పనికి వెళ్లగలిగిన ఆడవాళ్లు ఈ నగరంలో ప్రతి బస్తీలో ఉన్నారు. ఆ దారిని మూసేయమనడం తప్పు.

రోడ్లు ఇరుకు, బస్సులు పెంచితే ట్రాఫిక్ ఆగిపోతుందని ఇంకొందరు అంటారు. ఒక్కరు కూర్చున్న కార్లతో నిండిన రోడ్డును చూసి, 60 మందిని మోసే బస్సే అడ్డమని చెప్పడం ఎవరి పక్షాన నిలబడడమో విడమర్చి చెప్పనక్కర్లేదు.

బస్సు కొంటే చాలదు, నడిపే మనిషి కావాలి. సమ్మె తర్వాత రిటైరైనవాళ్ల స్థానాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయాయి. డ్రైవర్లు, కండక్టర్లు డబుల్ డ్యూటీలతో అలసిపోయారు. 2025లో వెయ్యి డ్రైవర్ పోస్టులకు, 743 శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అది రాష్ట్రం మొత్తానికి. ఏళ్ల ఖాళీలకు ఇది సరిపోదు.

ఈ విషయంలో రెండు పార్టీలూ దోషులే. వెయ్యి బస్సులు తీసేసిన పాలకులు ఇప్పుడు ప్రతిపక్షంలో కూర్చుని బస్సుల్లో రద్దీ గురించి మాట్లాడుతున్నారు. ఆ హక్కు వాళ్లకు లేదు. 2019లో సమ్మె ముగియగానే ప్రయాణికుల మీద కిలోమీటరుకు 20 పైసలు వడ్డించి, అదే ఊపులో బస్సులు తగ్గించింది వాళ్లే. ఇప్పటి పాలకులు 200 కోట్ల ఉచిత ప్రయాణాలు పూర్తయ్యాయని 2025 జులైలో సంబరాలు చేశారు. ఆ ప్రయాణాల్లో ఎన్ని కూర్చుని చేసినవి, ఎన్ని ఫుట్‌బోర్డు మీద వేలాడి చేసినవి అన్నది చెప్పలేదు. జనాన్ని బస్సెక్కమని పిలిచినవాళ్లు ముందు బస్సు పెట్టాలి. పోయిన వెయ్యి బస్సులను తిరిగి తేకుండా పథకం మొదలుపెట్టడం ఈ ప్రభుత్వం చేసిన మొదటి తప్పు. ఆ లోటును పూడ్చకుండానే చార్జీలు పెంచడం రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది.

చేయవలసింది స్పష్టం. రాబోయే ఎలక్ట్రిక్ బస్సుల్లో మొదటి వెయ్యింటిని ఏ డీజిల్ బస్సునూ తీయకుండా అదనంగా రోడ్డెక్కించాలి. ఆ తర్వాతే పాతవి మార్చాలి. డిపోల, ఛార్జింగ్ స్టేషన్ల ఖర్చు బడ్జెట్ నుంచి ఇచ్చి, 2025లో పెంచిన టికెట్, పాస్ ధరలను వెనక్కి తీసుకోవాలి. నగరంలో లక్ష జనాభాకు ఎన్ని బస్సులు నడుస్తున్నాయో ప్రతి మూడు నెలలకు ప్రకటించాలి. అది 60కి చేరేదాకా రవాణా మంత్రి శాసనసభలో జవాబు చెప్పాలి.

పాఠకులకు ఒక్క మాట. ఈసారి బస్సులో గానీ, వాట్సాప్‌లో గానీ ఎవరైనా "అంతా ఆడవాళ్ల వల్లే" అంటే ఊరుకోకండి. 2019లో తీసేసిన వెయ్యి బస్సులు ఏమయ్యాయని అడగండి. రేపు ఓటు కోసం వచ్చే ప్రతి నాయకుడినీ, ఏ పార్టీ వాడైనా సరే, అదే అడగండి. జవాబు చెప్పలేనివాడికి ఈ నగరం బస్సు ప్రయాణికుల ఓటు అడిగే అర్హత లేదు.