కొండ మీద జనం లెక్క, కింద మన పంట లెక్క

పేపరు చేతికి రాగానే మనం ముందు చూసేది వాన కబురు. ఆ తర్వాత మదనపల్లె మండీలో టమాటా ధర. ఉమ్మడి చిత్తూరు జిల్లా పేజీల్లో దాదాపు ప్రతిరోజూ ఇంకో లెక్క కూడా ఉంటుంది. నిన్న తిరుమలలో శ్రీవారిని దర్శించుకున్నవారు ఇంతమంది, తలనీలాలు సమర్పించినవారు ఇంతమంది, హుండీ ఆదాయం ఇంత. మనం ఒక దండం పెట్టుకుని పేజీ తిప్పేస్తాం. తిరుపతిలో లాడ్జీ నడిపేవాడు అదే అంకె చూసి గది అద్దె తేలుస్తాడు. హోటలువాడు రేపటికి ఎన్ని కిలోల కూరగాయలు తెప్పించాలో చూసుకుంటాడు. వాళ్లకు కావలసిన బీన్సు, కొత్తిమీర, అరటాకులు, బంతిపూలు పండించే మనకు మాత్రం ఆ లెక్కతో పనిలేదనుకుంటున్నాం. ఇది సరికాదు. వానలెక్క లాగే ఈ జనం లెక్కనూ రైతు తన లెక్కగా చూడాలి.

ఎంత జనమో ఒకసారి చూడండి. మామూలు రోజుల్లో అరవై, డెబ్భై వేలు. ఎండాకాలం సెలవుల్లో ఎనభై వేలు దాటిన రోజులూ ఉంటాయి. ఏడాది మొత్తం మీద రెండు కోట్ల పైమాటే. మనిషికి పూటకు వంద గ్రాముల కూరగాయలు అనుకున్నా, డెబ్భై వేల మందికి ఒక్క పూటకే ఏడు టన్నులు. జనం పదివేలు పెరిగితే ఇంకో టన్ను. పాలు, పెరుగు, పూలు, కొబ్బరికాయలు దీనికి అదనం.

ఆ జనం ఆగిపోతే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2020 మార్చి 20 నుంచి జూన్ 8 దాకా, ఎనభై రోజులు తిరుమలలో భక్తులకు దర్శనం లేదు. అప్పుడు హోటళ్లు, పెళ్లిళ్లు, బస్సులు కూడా ఆగిపోవడంతో పూలు తోటల్లోనే వాడిపోయాయి. జనం తగ్గినప్పుడు నష్టం మనది అయినప్పుడు, పెరిగినప్పుడు లాభంలో వాటా మనకెందుకు రాకూడదు?

పండుగల పట్టిక ముందే తెలుసు

వాన ఎప్పుడొస్తుందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. యాత్రికులు ఎప్పుడొస్తారో మాత్రం పంచాంగమే చెబుతుంది. బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు, అందులో గరుడసేవ నాడు విపరీతమైన రద్దీ. అధికమాసం వచ్చిన ఏడాది రెండు బ్రహ్మోత్సవాలు, 2023లో అలాగే జరిగాయి. వైకుంఠద్వార దర్శనం అంతకుముందు రెండు రోజులే ఉండేది, 2020 డిసెంబరు నుంచి పదిరోజులు చేశారు. అంటే పూలకు, కూరలకు గిరాకీ ఒకటి రెండు రోజుల్లో ముగిసిపోకుండా వారం పైనే సాగుతుంది. కాణిపాకంలో వినాయక చవితి నుంచి ఇరవై ఒక్క రోజుల ఉత్సవాలు. కార్తీకంలో శ్రీకాళహస్తి, తిరుచానూరు. సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా తమిళుల పెరటాసి నెల. ఆ శనివారాల్లో తమిళనాడు నుంచి జనం బాగా వస్తారు. ఆ నెలలో అక్కడ చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. కాబట్టి తమిళనాడుకు కోళ్లు పంపేవారికి అది కాస్త మందం నెల, కూరగాయలు పంపేవారికి మంచి నెల.

దీన్ని పట్టుకుని వెనక్కి లెక్కపెట్టుకోండి. బంతి నారు పెరగడానికి నెల, నాటాక కోతకు రావడానికి రెండు నెలలు. అంటే ఉత్సవానికి మూడు నెలల ముందే విత్తనం పడాలి. బీన్సుకు యాభై, అరవై రోజులు. కొత్తిమీరకు నలభై. తోటకూరకు ముప్పై రోజులు చాలు. పక్కవాడు నాటాడు కదా అని నాటేకంటే, ఫలానా తేదీకి కోతకు రావాలని నాటడం మేలు కాదా?

జనం లెక్క ఒక్కటే చాలదు

అయితే ఈ ఒక్క అంకెనే నమ్ముకుని దిగితే కాలు జారుతుంది. తిరుమలలో అన్నప్రసాదానికి కూరగాయలు చాలావరకు దాతలే పంపుతారు. కాబట్టి కొండ మీద భోంచేసిన ప్రతి మనిషీ మనకు గిరాకీ కాదు. తిరుపతి హోటళ్లలో, సత్రాల దగ్గర, పలమనేరు, చిత్తూరు మీదుగా వచ్చే బెంగళూరు దారి పక్కన తినేవాళ్లే మనకు లెక్క.

రెండో సంగతి ఇంకా పెద్దది. 2023 జూలైలో టమాటా కిలో నూటయాభై దాటింది. ఆ ధర చూసి అందరూ టమాటాకే దిగారు. సెప్టెంబరు వచ్చేసరికి కిలో పది రూపాయలకు అటూ ఇటూ పడిపోయింది. కొండకు వచ్చే జనం ఏమైనా అంతగా తగ్గారా? లేదే! పెరిగింది పంట. గిరాకీ ఎంతో తెలిసినా, ఎన్ని ఎకరాల్లో వేశారో తెలియకపోతే సగం లెక్కే తెలిసినట్టు. బంతికైనా ఇదే గతి. ఊరంతా ఒకే ఉత్సవానికి బంతి వేస్తే కోతకూలి కూడా రాదు.

ఈ రెండో లెక్క ప్రభుత్వం దగ్గర ఉంది. ఈ-పంట నమోదులో ఏ రైతు ఏ పంట ఎంత విస్తీర్ణంలో వేశాడో రాసుకుంటున్నారు. ఆ జాబితా రైతు సేవా కేంద్రంలో పెట్టి అభ్యంతరాలు అడుగుతారు. కానీ అది బీమాకు, సాయానికి పనికొచ్చే లెక్కగానే మిగిలిపోతోంది. మన చేతికి వచ్చేసరికి పంట మోకాలెత్తు పెరిగి ఉంటుంది. కూరగాయలు, పూల విషయంలో మండలం వారీగా వారం వారం ఎన్ని ఎకరాలు నాటారో ఉద్యానశాఖ ప్రకటించాలి. రైతుల పేర్లు అక్కర్లేదు, మొత్తం ఎకరాలు చాలు. దేవస్థానం భక్తుల సంఖ్య ఏ రోజుకారోజు చెప్పగలుగుతున్నప్పుడు, రైతుకు పనికొచ్చే ఈ అంకెను వారానికొకసారి చెప్పడం ప్రభుత్వానికి కష్టమా? ఆ అంకె తెలియక నష్టపోయేది పదెకరాల ఆసామి కాదు. అప్పుతెచ్చి అరెకరంలో పూలు వేసిన చిన్నరైతే.

అంతదాకా మనం చేయగలిగినవి

ఆ అంకె వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. నారు కొనడానికి వెళ్లినప్పుడు ఈ వారం ఏ పంట నారు ఎక్కువగా పోయిందో నర్సరీలో అడగండి. అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే మార్కెట్లకు రోజూ ఎంత సరుకు వచ్చిందో, ఏ ధర పలికిందో ఆగ్‌మార్క్‌నెట్‌లో చూసి చెప్పమనండి. పాత క్యాలెండరు వెనకాల వారానికొకసారి మూడు అంకెలు రాసిపెట్టండి: కొండ మీద జనం, మండీకి వచ్చిన సరుకు, మీకు దక్కిన ధర. ఏడాది తిరిగేసరికి మీ ఊరి లెక్క మీ చేతిలో ఉంటుంది.

ఉన్నదంతా ఒకే తేదీకి నాటవద్దు. పదిరోజుల ఎడంతో మూడు మడులుగా వేయండి. ఒక పూట ధర పడినా ఇంకో పూట నిలబెడుతుంది. హోటలువాడికి కావలసింది రోజూ ఆగకుండా అందే సరుకు. అరెకరం ఉన్న ఒక్కరి వల్ల అది కాదు. నలుగురైదుగురు కలిసి వంతులవారీగా కోసి పంపితే అవుతుంది. అప్పుడు ధర మాట్లాడటానికి మీకూ ఒక నోరుంటుంది.

వచ్చేసారి రైతు సేవా కేంద్రానికి ఈ-పంట కోసం వెళ్లినప్పుడు, మీ పంట రాయించి ఊరుకోకండి. మండలంలో ఈ పంట ఇప్పటికి ఎన్ని ఎకరాలైందని అడగండి. తెలియదంటే మళ్లీ వారం అడగండి. పదిమంది అడిగితే ఆ అంకె గోడ మీదకు ఎక్కక తప్పదు.