తుంగను తవ్వి తీద్దాం

తొలకరి పడగానే పెరట్లో పచ్చిక కంటే ముందు తుంగ లేస్తుంది. కలుపు మందు కొడితే పోదా అని చాలామంది పాఠకులు అడుగుతున్నారు. పిల్లలు పొర్లాడే చోట ఆ మందు వద్దని గట్టిగా చెబుతున్నాం. గ్లైఫోసేట్ అనే కలుపు మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని 2022లో కేంద్ర ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇచ్చింది.

తుంగ బలమంతా మట్టి కిందే ఉంది. ఆయుర్వేదంలో తుంగముస్తలుగా వాడే ఆ గడ్డలు దారానికి గుచ్చిన పూసల్లా ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. ఆకు పట్టి లాగితే మొదలు దగ్గర తెగిపోతుంది, అడుగున గడ్డ మళ్లీ మొలకెత్తుతుంది. వాన వెలిసి నేల మెత్తబడ్డాక చిన్న గునపంతో లోతుగా తవ్వి, గడ్డలతో సహా తీయాలి. వాటిని ఎరువు గుంతలో వేయొద్దు, ఎండలో బాగా ఎండనివ్వాలి. కొత్త మొలక కనిపించినప్పుడల్లా తీసేస్తుంటే గడ్డలో నిల్వ తరుగుతుంది. ఒక్క వానాకాలంలో తీరే పని కాదిది, ఓపిక పట్టాలి.

తుంగకు నీడ గిట్టదు. అందుకే పచ్చికను నేలకు అంటేలా కత్తిరించకండి, ఒకసారికి మూడో వంతు చాలు. ఖాళీ మచ్చల్లో గరిక పిలకలు నాటండి.

మరో కలుపు మొక్క వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి. దానివల్ల దద్దుర్లు, ఉబ్బసం రావచ్చు. ఉప్పు చల్లే చిట్కా మాత్రం వద్దే వద్దు, నేలే పాడవుతుంది.

గంగవాయిలి కనిపిస్తే పారేయకండి. మందు తగలని నేలలో మొలిచిందైతే మామిడికాయ పప్పులో వేసుకోవచ్చు.