వెలుగునకు వెల కట్టువారెవరు?

విదేశ ధనము రానిచో దేశమునకు వెలుగు రాదనియు, ధనికుడడిగిన షరతులకు వంకబెట్టినచో నతడు పొరుగుదేశమునకు తరలిపోవుననియు, కావున కన్నులు మూసికొని చేవ్రాలు చేయుటయే రాజనీతియనియు ఒక వాదము మన పట్టణములందు చాలకాలముగా వినవచ్చుచున్నది. వర్తక సంఘముల సభలలో నీమాట చెప్పువారు కలరు; శాసనసభలలో చెప్పువారును కలరు. దీనికి ప్రతిగా, విదేశీయుని పైకమే విషమనియు, అతని కాలు మన గడపలో పడరాదనియు పలుకువారును కలరు. ఈ రెండు వాదములును మాకు సమ్మతములు కావు. మొదటిది దాస్యము, రెండవది వట్టి యావేశము. దేశమునకు విద్యుచ్ఛక్తి కావలయును. దానికి ధనమును కావలయును. ఆ ధనము ఏ కరారుపై వచ్చుచున్నది, నష్టము వచ్చిననాడు దానిని మోయువాడెవడు అనునదియే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న నడుగువారే కరవైరి.

విద్యుచ్ఛక్తి యనగా వీథిదీపములు మాత్రమే కాదు. రాయలసీమలోను తెలంగాణములోను గొట్టపుబావినుండి నీరు పైకి రావలయునన్న విద్యుత్తు కావలయును. సిరిసిల్ల మగ్గము ఆడవలయునన్న విద్యుత్తు కావలయును. ఆసుపత్రిలో శస్త్రచికిత్స నడుచుచుండగా దీపమారిపోరాదు. 1947లో భారతదేశమంతటికిని ఉన్న ఉత్పాదనశక్తి 1,362 మెగావాట్లు. 2024 నాటికది 4,40,000 మెగావాట్లు దాటినది. ఇందు తొలి నలువదియేండ్ల వృద్ధి చాలవఱకు ప్రభుత్వ సంస్థల చేతులమీదుగానే జరిగినది. మాచ్‌ఖండ్, కొత్తగూడెము, నాగార్జునసాగరము, శ్రీశైలము, రామగుండము — ఇవి యేవియు ధనికుని దయవలన లేచినవి కావు. కాని యింకను కావలయును; ఇకముందు మఱింత కావలయును. అందుచేతనే యీ ప్రశ్నను వాయిదా వేయుటకు వీలులేదు.

ఈ ప్రశ్న కొత్తదియు కాదు. 1902లో మైసూరు సంస్థానము కావేరీనదిపై శివసముద్రమువద్ద జలవిద్యుత్కేంద్రమును నెలకొల్పి, తొంబది మైళ్లకు పైబడిన దూరమున నున్న కోలారు బంగారు గనులకు విద్యుత్తును పంపెను. యంత్రములు విదేశములనుండి వచ్చినవి. గనులు ఆంగ్లేయ కంపెనీల యధీనములో నున్నవి. కాని నీరు సంస్థానముది, కేంద్రము సంస్థానముది, విద్యుత్తునమ్ము హక్కును సంస్థానముది. ఒక విదేశీయుడు యంత్రమును అమ్మెను; మఱియొక విదేశీయుడు విద్యుత్తును కొని ధర చెల్లించెను. 1905లో ఆ విద్యుత్తే బెంగుళూరు వీథులలో దీపములై వెలిగినది. పరాధీనదేశములో దివాను శేషాద్రి అయ్యరుగారి కాలమున రూపొందిన యేర్పాటు ఇది! స్వతంత్రదేశములో, తొంబదియేండ్ల పిదప, ఏమి జరిగినదో పాఠకులు చిత్తగింతురుగాక.

1991లో మన విదేశ మారకద్రవ్యము అడుగంటినది. ఆ తఱుణమున విద్యుదుత్పత్తి ద్వారములు స్వదేశ, విదేశ ధనికులకు తెరువబడినవి. తెరచుట తప్పని మేమనము. కాని తెరచిన విధమెట్టిది? కేంద్రము తన శక్తిలో నూటికి 68.5 వంతులు నడచినచో చాలును, ధనికుని మూలధనముపై నూటికి 16 వంతుల లాభము ముందుగానే నిర్ణయింపబడెను. అంతకుమించి నడచినచో నదనపు బహుమానము! ఎనిమిది పథకములను త్వరిత మార్గమున నడుపబూని, రాష్ట్ర విద్యుత్ బోర్డు చెల్లింపనిచో రాష్ట్ర ప్రభుత్వము, రాష్ట్ర ప్రభుత్వము చెల్లింపనిచో కేంద్ర ప్రభుత్వము పూచీపడునట్లు ఏర్పాటు చేసిరి. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ప్రజల బొక్కసమును ప్రజల నడుగకయే పూచీపెట్టిరి. సాహసము చేయువానికి లాభము దక్కుట వ్యాపారధర్మము. సాహసమే లేని లాభమునకు ఏ పేరు పెట్టవలయును?

ఆ యెనిమిదింటిలో ప్రసిద్ధికెక్కినది మహారాష్ట్రములోని దభోలు. 1992 జూనులో ఎన్‌రాన్ అను అమెరికా కంపెనీ ప్రతినిధులు వచ్చిరి; వచ్చిన కొద్దిదినములకే రాష్ట్ర విద్యుత్ బోర్డుతో అవగాహనపత్రముపై చేవ్రాళ్లయినవి. పోటీ లేదు, వేలము లేదు. దిగుమతి వాయువుతో నడుచు ఈ కేంద్రము మహారాష్ట్రమునకు గిట్టుబాటు కాదని 1993లో ప్రపంచ బ్యాంకే అప్పీయ నిరాకరించెను. ప్రపంచ బ్యాంకు విదేశ ధనమునకు విరోధి కాదు గదా! అయినను ఆ యేడు డిసెంబరులో కొనుగోలు కరారు వ్రాయబడినది. దానిని ప్రజలకు చూపలేదు. భారతీయులకు విద్య గరపుటకు రెండుకోట్ల డాలర్లు వెచ్చించితిమని ఆ కంపెనీ యధికారిణియొకతె 1995లో అమెరికా శాసనసభా సంఘమునెదుట చెప్పినది. ఆ విద్య యెట్టిదో, దానిని నేర్చిన శిష్యులెవరో మేము చెప్పనక్కఱలేదు. ఆ యేటనే కొత్త ప్రభుత్వము కరారును రద్దుచేసి, కొలదినెలలకే పెద్దదానిగా దిద్ది మరల ఒప్పుకొన్నది. 1996 మేలో పదుమూడుదినములు మాత్రమే నిలిచిన కేంద్ర ప్రభుత్వమునకు సయితము దీనికి ప్రతిపూచీ నిచ్చుటకు తీరిక చిక్కినది!

ఆ కరారులోని కీలకమును సామాన్యుడు గ్రహింపవలయును. ధరలో రెండు భాగములు. ఒకటి ఇంధనవ్యయము, విద్యుత్తు తీసికొన్నప్పుడే చెల్లింపవలసినది. రెండవది స్థిరరుసుము, విద్యుత్తు తీసికొన్నను తీసికొనకున్నను చెల్లింపవలసినది. బండి కట్టినను కట్టకున్నను కిరాయి తప్పదన్నమాట. గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువలేదని మన పెద్దలందురు. పైగా ఈ దాణా డాలర్లలో! 1993లో డాలరు వెల సుమారు 31 రూపాయలు. 2001 నాటికది 46 దాటినది. రూపాయి క్రుంగినకొలది బోర్డు బాకీ పెరిగినది. వెల యెక్కువగుటచే బోర్డు తక్కువ విద్యుత్తు కొన్నది. తక్కువ కొన్నకొలది స్థిరరుసుమంతయు కొద్ది యూనిట్లపై బడి, యూనిటు వెల మఱింత పెరిగినది. 2000 నాటికి ఏడు రూపాయలు దాటినది. 2001 ఆరంభమునకే బోర్డు బాకీలు చెల్లింపలేకపోయెను. మేలో కేంద్రము మూతపడెను. డిసెంబరులో ఎన్‌రానే దివాలాయెత్తెను. 2005లో దానిని ఎత్తుకొన్నదెవరు? మన ప్రభుత్వ సంస్థలైన ఎన్.టి.పి.సి., గెయిల్. లాభము వచ్చిననాడు ధనికునిది, నష్టము వచ్చిననాడు దేశముదియు నైనది. ఇది యొక్క మనకే పట్టిన గ్రహచారము కాదు. 1994లో ఇట్టి షరతులతోనే ద్వారము తెరచిన పాకిస్థాను స్థిరరుసుముల బరువు మోయజాలక, 2024లో ఐదు విద్యుత్ కంపెనీలతో కరారులను గడువునకు ముందే ముగించుకొన్నది.

దభోలు దూరదేశపు కథయని ఆంధ్రులు నిశ్చింతగా నుండవలదు. గోదావరీ కృష్ణా తీరములను చూడుడు. 2002లో కృష్ణా గోదావరీ సముద్రగర్భమున వాయునిక్షేపము కనుగొనబడినదని విన్నంతనే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లు, వాయువును నమ్ముకొని వేమగిరి, కోనసీమ, కొండపల్లి ప్రాంతములందు కేంద్రములను విస్తరించిరి. 2009 ఏప్రిలులో వాయువు వచ్చినది. నాలుగేండ్లు నిండకమునుపే, 2013 మార్చినాటికి, ఆ నిక్షేపమునుండి విద్యుత్కేంద్రములకు సరఫరా ఆగిపోయెను. దేశమంతట సుమారు 14,000 మెగావాట్ల కేంద్రములు వాయువులేక నిలిచిపోయినట్లు 2015లో ప్రభుత్వమే యంగీకరించెను. ఇవి చాలవఱకు స్వదేశ ధనికులవి! అప్పిచ్చినవి మన బ్యాంకులు. ఆ బ్యాంకులలో దాచుకొన్నది మనము. కావున దోషము ధనికుని జాతిలో లేదు, కరారులో నున్నది. ఇంధనము దొరకునో లేదో తేల్చకుండ కేంద్రము కట్టనిచ్చి, ఆ నష్టమెవనిదో స్పష్టముగా వ్రాయనిచోట స్వదేశియైనను విదేశియైనను ఫలమొక్కటే.

ఇంతవఱకు ధనికుని నిందించితిమి. ఇక మన యింటి తప్పును దాచిన మాది పత్రికాధర్మము కాదు. విద్యుత్తు కొని పైకము చెల్లింపనివాని యింటికి మంచి వర్తకుడు రాడు. వచ్చినవాడు ఆ భయమునకు వడ్డీ కట్టి ధర చెప్పును. పూచీలును ప్రతిపూచీలును వారడిగినదెందుకు? మన బోర్డుల ఖాతాలు చూచియే గదా! 2002లో, 2012లో, 2015లో మూడుమారులు ప్రభుత్వములు విద్యుత్ పంపిణీసంస్థల యప్పులను తలకెత్తుకొన్నవి. మరల అప్పులు పేరుకొన్నవి. రైతునకు ఉచిత విద్యుత్తు నిచ్చుటను మేము నిందింపము. 2004లో ఆంధ్రప్రదేశమునందది మొదలైనప్పుడు ఎండిన బావులయొద్ద కూర్చున్నవానికది ప్రాణాధారమైనది. కాని రాయితీసొమ్మును ప్రభుత్వము ముందుగా చెల్లింపవలయునని 2003 విద్యుచ్ఛాసనము 65వ సెక్షను శాసించుచున్నది. వాగ్దానము వేదికపై చేసి, బాకీ పంపిణీసంస్థ నెత్తిన వ్రాయుట దానము కాదు. ఆ బాకీలన్నియు నొకనాడు ఛార్జీలై పేదయింటికే వచ్చును. 2000లో ఛార్జీలు పెరిగినప్పుడు ఏమైనదో మనకు తెలియును. ఆగస్టు 28న హైదరాబాదు బషీరుబాగులో కాల్పులు జరిగినవి, ప్రాణములు పోయినవి. ఖాతాలోని యబద్ధమునకు వీథిలో రక్తము చిందినది.

వ్రాసిన కరారును మీరుటయు వీరత్వము కాదు. 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పవన, సూర్యవిద్యుత్తు కరారులలోని ధరలు హెచ్చుగా నున్నవని వానిని తిరుగదోడెను. 2022 మార్చిలో ఉన్నత న్యాయస్థానము కరారు ధరలను చెల్లింపుడని తీర్పుచెప్పెను. ఆ పవనవిద్యుత్తు ధరలు పోటీ వేలములో తేలినవి కావు. ఫిర్యాదు పూర్తిగా నిరాధారమని మేమనము. కాని అడుగవలసిన ప్రశ్నను చేవ్రాలునకు ముందడుగక, పిదప గర్జించినందువలన మిగిలినది బాకీయు, అపకీర్తియు మాత్రమే.

మఱి మంచి మార్గమే లేదా? కలదు, మన కండ్లయెదుటనే కలదు. 2010లో సూర్యవిద్యుత్తు యూనిటు వెల పండ్రెండు రూపాయల చేరువలో నుండెను. వేలములు పెట్టిరి. 2017 ఏప్రిలులో కడప సూర్యక్షేత్రమున జరిగిన వేలములో ఒక ఫ్రెంచి కంపెనీ 3 రూపాయల 15 పైసలకు దిగివచ్చినది. ఆ మఱునెలలో రాజస్థానపు భడ్లాయందు ధర 2 రూపాయల 44 పైసలకు చేరెను. లోకమంతట పలకల వెల తగ్గుటయు దీనికి కారణమే. కాని ఆ తగ్గుదలను కొనువానికి దక్కించినది వేలము. ధర రూపాయలలో, ఇరువదియైదేండ్లకు స్థిరము. నూటికి 16 వంతుల హామీ లేదు, డాలరు లెక్క లేదు. అయినను విదేశీయుడు రాలేదా? పోటీపడి వచ్చెను! కొనువాడు నమ్మదగినవాడై, వేలము బహిరంగమైనచో ధనము దానంతట వచ్చునని ఇంతకన్న నిదర్శనమేమి కావలయును? షరతు లడిగిన ధనికుడు పాఱిపోవునను బెదరింపు కడప యెండలోనే కరిగిపోయినది.

కావున మేము కోరునది విదేశ ధన బహిష్కారము కాదు. వేలము లేని కరారు ఉండరాదు. చేవ్రాలునకు ముందు ప్రతి కరారును తెలుగులో సంపూర్ణముగా ప్రకటింపవలయును. ధర రూపాయలలో నుండవలయును. ఇంధనమును ఎంచుకొన్నవాడే దాని నష్టమునకు బాధ్యుడు కావలయును. రాయితీసొమ్మును ప్రభుత్వము ముందుగా చెల్లింపవలయును. ఇన్నియు జరిగి కరారు వ్రాసిన పిమ్మట, ప్రభుత్వములు మారినను మాట మారరాదు.

ఇవి ఎవరో చేసిపెట్టుదురని పఠనమందిరమున కూర్చుండి పత్రిక మడిచిన లాభములేదు. ఛార్జీలు నిర్ణయించుటకు ముందు విద్యుత్ నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ విచారణ జరుపును. అందు ఎవరైనను అభ్యంతరము వ్రాసి పంపవచ్చును, స్వయముగా నిలిచి మాటాడవచ్చును. కంపెనీల న్యాయవాదులు అచ్చటికి తప్పక వచ్చుచున్నారు. మన బల్లలేల ఖాళీగా నుండవలయును? ప్రతి పట్టణ గ్రంథాలయమును ఛార్జీల ఉత్తరువును, కొనుగోలు కరారులను తెప్పించి బల్లపై నుంచుగాక. లెక్క తెలిసిన నలుగురు వానిని చదివి తక్కినవారికి చెప్పుదురుగాక. చీటీ కట్టునప్పుడు పత్రమును రెండుమారులు చదువు మనము, ఇరువదియైదేండ్లు మన బిడ్డలు తీర్పవలసిన పత్రమును చదువకయే యొప్పుకొనవచ్చునా?