తాతగారి పిస్తోలు

వెల్దుర్తివాళ్లకు కారంపూడి తెలియనిది కాదు. అక్కడ ఏటా వీరుల ఉత్సవాల్లో పాత ఆయుధాలకు పూజ చేస్తారు. వాటితో యుద్ధానికి వెళ్లరు! తాతగారి బీరువాలో మిగిలిపోయిన జేబు పిస్తోలు సంగతీ అంతే.

చాలా జేబు పిస్తోళ్లు వాడే 6.35 మిల్లీమీటర్ల తూటా 1905 నాటిది. జాన్ బ్రౌనింగ్ రూపొందించాడు. ఇప్పుడు దొరకడం కష్టం. ‘వాడేసిన తూటాలో మళ్లీ మందు కూరితే సరి’ అనిపిస్తుంది. అమెరికాలో చాలామందికి అదో హాబీ. కానీ ఇంత చిన్న తూటాకు పట్టే మందు గురిగింజంత బరువు కూడా ఉండదు. కాస్త ఎక్కువైతే పిస్తోలు చేతిలోనే పగలొచ్చు. తక్కువైతే గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుంటుంది. ఆ వెనకే ఇంకోటి పేల్చారా... అంతే సంగతులు!

పైగా మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 2019 చట్ట సవరణ ప్రకారం కనీసం 7 ఏళ్ల జైలు, యావజ్జీవం దాకా పడొచ్చు.

మరేం చేయాలి? లైసెన్సుదారు పోతే వారసులు ఆలస్యం చేయకుండా ఆయుధాన్ని పోలీసుస్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఉంచుకోవాలనుకుంటే తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. ఎన్నికలొస్తే తుపాకులు స్టేషన్‌కు చేరడం పల్నాడుకు కొత్తేమీ కాదు. తాతగారి జ్ఞాపకం కోసం ఒక్కసారి ఆ మెట్లెక్కితే తప్పేముంది?